ఐదో షరతు

2025 అక్టోబరు 5, ఆదివారం, ఉదయం ఏడు గంటలు. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయే రోడ్డు పక్కనున్న ఒక ఊళ్ళో, దానమ్మ ఇంటి వసారాలో నలుగురున్నారు: దానమ్మ, ఆమె భర్త మద్దయ్య, కూతురు భారతి, తమ్ముడు మారెప్ప. మారెప్పను వెనక వీధి నుంచి పనిగట్టుకొని పిలిపించింది దానమ్మే. మూడేళ్ళ కిందట మోటారు సైకిలు మీద నుంచి పడి అతని కుడికాలు విరిగింది. ఇప్పటికీ కుంటుతాడు. కూతురికి బండి వద్దని చెప్పడానికి అంతకన్నా గట్టి సాక్షి ఆమెకు దొరకడు.

తేల్చవలసిన సంగతి ఒక్కటే. భారతి ఆదోనిలో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. పరగడుపున వచ్చేవారి కోసం రేపటి నుంచి ల్యాబును ఆరున్నరకే తెరుస్తున్నారు. ఆ ఊళ్ళో ఆగే తొలి బస్సు ఏడు దాటితే గాని రాదు. మద్దయ్యకు చూపు మందగించినప్పటి నుంచి అతని బండి పట్ట కింద ఊరికే పడి ఉంది. భారతికి లైసెన్సు ఉంది. నాయన అనుమతీ ఉంది. తాళంచెవి మాత్రం దానమ్మ నడుమున వేలాడే వక్కాకు తిత్తిలో ఉంది. అది చేతికి రాకుంటే ఉద్యోగం ఈ రోజుతో సరి.

దానమ్మ మాట్లాడుతూనే గోడవారనున్న రాళ్ళను గంపకెత్తుతోంది. కొర్ర కోత అయింది. ఊళ్ళో అందరిలాగే ఆమె కూడా కంకులను తారు రోడ్డు మీద పరుస్తుంది. వచ్చేపోయే లారీలే నూర్చి పెడతాయి. సాయంత్రానికి గింజలను రోడ్డంచున కుప్ప చేసి, పట్ట కప్పి, చుట్టూ రాళ్ళు పేర్చి ఇంటికి వస్తుంది.

"ఆ రోడ్డు మీద నువ్వు బండి తోల్తావా? పత్తి ట్రాక్టర్లు సగం రోడ్డు మింగి వస్తాంటాయి. ఆ పక్క ఏముందో ఈ పక్క కనపడదు" అన్నది దానమ్మ.

"పత్తి ట్రాక్టరు బస్సుకూ అడ్డమొస్తాది మా."

"బస్సుకు నాలుగు గోడలుండాయి. నీకేముంది? నెత్తిన ఒక సట్టి!"

హెల్మెట్‌ను సట్టి అన్నందుకు మద్దయ్య నవ్వాడు. "ఆ సట్టి కొననీకే పాప నన్ను నాలుగు అంగళ్ళు తిప్పింది. మంచి సట్టేలే."

"నువ్వు ఊరుకో. ఆ కండ్లతో నువ్వేం సూసినావు గాని! ఒరేయ్ మారెప్పా, నోట్లో ఏం పెట్టుకున్యావు? నీ కాలు సూపించి సెప్పు దీనికి."

మారెప్ప లుంగీ మోకాలి మీదికి సర్దుకున్నాడు. "పడేవాళ్ళు పడతారు, పోయేవాళ్ళు పోతారు క్కా."

"ఇదేం సాక్ష్యంరా? పంది అడ్డమొచ్చి పడితినని సెప్పు! ఆ పందిని నేను తిట్టని దినం లేదు."

"పంది అడ్డమొస్తే పందిది తప్పు. బండిదెట్లయితాది?" అన్నది భారతి.

"నోరు పెద్దదాయె నీకు! రేపు నువ్వు పడితే మంచం కాడ కూసునేదెవరు? వీనికి మూడు నెలలు సేసినా. ఒళ్ళు తుడిసినా, ముద్ద కలిపి నోట్లో పెట్టినా. తమ్మునికి సేసినాను గాని, కూతురికి నేను..."

మాట పూర్తి కాలేదు. దానమ్మ ముఖం తిప్పుకొని మరో రాయి గంపలో వేసింది. భారతి తల్లి వీపు వైపు చూసింది.

"సరే మా. మానుకుంటా. మేడమ్‌కు ఇప్పుడే ఫోన్ సేసి సెప్తా" అని సెల్లు చేతికి తీసుకున్నది.

"ఆ ఫోను కింద పెట్టు పాపా" అన్నాడు మారెప్ప.

గోడ పట్టుకొని లేచాడు. కుంటుకుంటూ గంప దగ్గరికి పోయి, అందులోంచి విరిగిన తిరగలి రాయి సగం చెక్కను బయటికి లాగాడు. అది ఆ అక్కాతమ్ముళ్ళ తల్లిది. ఆమె పోయాక దానమ్మ గుర్తుగా తెచ్చుకున్నది. విరిగినాక కుప్ప చుట్టూ పేర్చే రాళ్ళలో కలిపింది.

"పంది లేదక్కా."

"ఏమంటాండావు?"

"ఆ పొద్దు ఎమ్మిగనూరు నుంచి వస్తాంటి. మసక పడింది. ఎదురుగా లారీ లైటు కండ్లల్లో కొట్టె. పక్కకు తిప్పితి. ఆడ కొర్ర కుప్ప, సుట్టూ రాళ్ళు. పడినాక సేతికి తగిలింది ఇదే. తడిమితే గాట్లు తెలిసె. అమ్మ ఇసురాయి నాకు తెలీదా?"

దానమ్మకు ఆ మరునాటి పొద్దు గుర్తుకు వచ్చింది. ఈ చెక్క కుప్పకు నాలుగడుగుల దూరంలో బోర్లా పడి ఉన్నది. బర్రె ఏదో తన్నిందనుకొని, తెచ్చి మళ్ళీ దాని చోటనే పెట్టింది. ఆ తరువాతనే తమ్ముణ్ణి చూడడానికి ఆదోని ఆస్పత్రికి పోయింది.

"మరి పందని ఎందుకు సెప్తివిరా?"

"నువ్వు ముద్ద కలిపి నోట్లో పెడతాంటివి. ఆ నోటితో నీకు ఎట్ల సెప్పల్ల క్కా?"

దానమ్మ ఏడ్చింది, శబ్దం మాత్రం రాలేదు. మద్దయ్య లేచి చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు. ఆమె తాగలేదు. తమ్ముడి మోకాలి కింది మచ్చ మీద అరచెయ్యి పెట్టి, దాన్ని తొలిసారి చూస్తున్నట్టు చూసింది.

తర్వాత కూతురి వైపు తిరిగి, "పాపా, కాగితం తీసుకురా" అన్నది.

తల్లి చెబుతుంటే భారతి రాసింది. ఒకటి, హెల్మెట్ లేనిదే బండి ఎక్కరాదు. రెండు, చీకటి పడకముందే ఇల్లు చేరాలి. మూడు, పత్తి బండ్లను దాటుకొని పోరాదు. నాలుగు, ఆదోని చేరగానే ఫోన్ చేయాలి.

"ఇంకొకటి రాయి. దానమ్మ కొర్రలు రోడ్డు మీద వేయదు. రాళ్ళు పెట్టదు."

"మరి యాడ నూరుస్తావు?" అన్నాడు మద్దయ్య.

"సేని కాడ బండ లేదా? ఆడ నూరుస్తా. నాలుగు దినాలు ఎక్కువైతాది, అంతే గదా."

"ఊరంతా వేస్తాండారు మా" అన్నది భారతి.

"ఊరికి నేనేం సెప్పేది? నా రాయి నేను తీస్తా."

భారతి సంతకం చేసింది. డ్వాక్రా సంఘంలో చేరినప్పుడు నేర్చుకున్న మూడక్షరాలను దానమ్మ ఒక్కొక్కటిగా, వేలు బిగించి రాసింది. సాక్షిగా మారెప్ప చేవ్రాలు పెట్టాడు. ఆమె తిత్తి విప్పి తాళంచెవిని కూతురి చేతిలో పెట్టింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, తాళంచెవి ఉన్న చోటనే దాచి, తాడు బిగించి కట్టింది.