మిట్టమధ్యాహ్నపు ఎరుపు

ఝాన్సీ తన ఫోనును బల్ల మీద బోర్లా పెట్టి, దానికి కాస్త ఎడంగా కుర్చీ జరుపుకుని కూర్చుంది. ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతోంది తప్ప తీసి చూడటం లేదు.

విజయనగరం గంటస్తంభం దగ్గర మేడ మీదున్న దుర్గాభవాని డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పెళ్ళికొడుకుల గురించి వాకబు చేయించుకునేవాళ్ళే. అందుకే సహాయకుడు తిరుమలరావు అలవాటు చొప్పున పెన్ను తీసి, "అబ్బాయిది ఏ ఊరమ్మా?" అని అడిగాడు.

"పెళ్ళి సంగతి కాదండీ," అంది ఝాన్సీ. "నన్ను మా ఊళ్ళోకి రానివ్వటం లేదు."

తిరుమలరావు పెన్ను మూసేశాడు. దుర్గాభవాని మాత్రం చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టింది. ఆవిడ పేపరు మడిచిందంటే కేసు ఒప్పుకున్నట్టేనని తిరుమలరావు లెక్క. ఆవిడ గురించి అతనికి ఇలాంటి లెక్కలు చాలా ఉన్నాయి, వాటిలో సగమైనా నిజమవుతుంటాయి.

ఝాన్సీది భోగాపురం దిగువన సముద్రం ఒడ్డున ఉన్న గుల్లపాలెం. తల్లి దేముడమ్మ చేపల తట్ట మోసి కూతురిని చదివించింది. ఆ చదువుతో ఝాన్సీ విజయనగరంలో చంపావతి మీడియా అనే పబ్లిక్ రిలేషన్స్ సంస్థలో చేరింది. కంపెనీల మంచిని పేపర్లకూ జనానికీ చెప్పడం, చెడు బయటపడినప్పుడు సర్దిచెప్పడం ఆ సంస్థ పని. ఒక రొయ్యల కంపెనీ గుల్లపాలెంలో ఐసు గిడ్డంగి కడతామంటూ ముందుకొస్తే, ఊరివాళ్ళతో మాట్లాడే పని సొంత ఊరి పిల్ల గనక ఝాన్సీకే అప్పగించారు. ఊరు ఆమెను నమ్మి మీటింగుకు వచ్చింది. వచ్చినవాళ్ళకు మధ్యాహ్నం భోజనాలు పెట్టారు.

ఆ భోజనాల వేళే, విలేకరులందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులోకి ఝాన్సీ నంబరు నుంచి ఒక ఫొటో వచ్చింది. కంచాలు పట్టుకుని వరసలో నిలబడ్డ జాలరి ఆడవాళ్ళు. కింద ఒక వాక్యం: "కంచంలో ఇంత కూర పడితే చాలు, వీళ్ళు ఏ కాగితం మీదైనా వేలిముద్ర వేస్తారు."

"అది నేను పంపలేదండీ. ఫోను నా చేతిలోనే ఉంది. పాస్‌వర్డు ఎవరికీ తెలీదు. కానీ పంపింది నా నంబరు. ఒక విలేకరి ఫోన్ చేసి, ఏంటమ్మా ఇది అని అడిగేదాకా నాకే తెలీదు," అంది ఝాన్సీ.

యజమాని ధనరాజ్ ఆమెను అప్పటికప్పుడు పనిలోంచి పక్కన పెట్టాడు. సోమవారం నాడు పూర్తిగా తీసేస్తానన్నాడు. ఆమె బాధ ఉద్యోగం గురించి కాదు. ఒడ్డున పడవలు ఆగినప్పుడు దేముడమ్మను వేలం పాటలోకి రానివ్వటం లేదు. చేపల పాటలో నిలబడనివ్వకపోతే ఆ ఊళ్ళో బేరం లేనట్టే, మనిషి లేనట్టే. పెద్దావిడ కూర్మమ్మ దేముడమ్మ మొహం మీదే చెప్పేసిందట, నీ కూతురు మా కంచాలు ఊరందరికీ సూపించింది, నీ తట్టలో మా సేప పడదు అని. నాలుగు రోజులుగా దేముడమ్మ తట్ట బోర్లా పడి ఉంది.

దుర్గాభవాని ఝాన్సీ ఫోను అడిగి తీసుకుని, ఆ ఫొటోను పెద్దది చేసి చూసింది. తిరుమలరావు ఆవిడ భుజం మీదుగా తొంగి చూశాడు. ఫొటో చక్కగా ఉంది. ఎడమవైపు పైమూల ఆకాశం కాస్త ఎర్రబారి ఉంది.

"ఎంత వేళప్పుడు తీసిందమ్మా ఇది?"

"మిట్టమధ్యాహ్నం. అందరూ ఎండలో మాడిపోయారు."

 మర్నాడు తామిద్దరూ ఆఫీసుకు వస్తామని యజమానికి చెప్పమంది దుర్గాభవాని.

చంపావతి మీడియా ఆఫీసు చిన్నదే. యజమాని ధనరాజ్ కాక ముగ్గురే ఉద్యోగులు: ఝాన్సీ, బొమ్మలూ ప్రకటనలూ తయారుచేసే ఉష, ఒకప్పుడు విలేకరిగా పనిచేసి వచ్చిన జోగయ్య. జోగయ్య నెరిసిన జుట్టుతో, ఇస్త్రీ నలగని చొక్కాతో పెద్దమనిషిలా ఉన్నాడు. ఝాన్సీ ఆయనను బాబాయ్ అని పిలుస్తుంది. ఆమె సంగతి ఎత్తగానే ఆయన కళ్ళు తుడుచుకున్నాడు కూడా. పిల్లది తొందరపడి ఏదో రాసుకుని ఉంటుందనీ, ఈ కాలం పిల్లలు చేతిలో ఫోనుంటే ఆగరనీ అన్నాడు. తిరుమలరావుకు ఆయన మీద జాలి కలిగింది. అతనికి తొందరగా కలిగే భావాల్లో జాలి ఒకటి.

గోడనిండా పెద్ద పెద్ద ఫొటోలు అంటించి ఉన్నాయి. అవేమిటని దుర్గాభవాని అడిగితే ధనరాజ్ ఉత్సాహంగా చెప్పుకొచ్చాడు. ఆఫీసులో అందరికీ ఒకే రకం ఫోను కొనాలనుకున్నాడు. దుకాణం నుంచి రెండు ఫోన్లు వాడి చూడటానికి తెప్పించాడు. నల్లదానిలో కెమెరా గొప్పది. నీలందానిలో కెమెరా ఓ మోస్తరే గాని ఛార్జింగు రెండు రోజులు ఆగుతుంది, ఎండలో కూడా తెర కనిపిస్తుంది, ఊళ్ళల్లో సిగ్నలు బాగా పట్టుకుంటుంది. నలుగురూ వంతులవారీగా వాడి, తీసిన ఫొటోల్లో మంచివాటిని పేర్లతో గోడకు అంటించారు. ఉష, ధనరాజ్, ఝాన్సీ, చివర జోగయ్య.

"ఫొటో బాగుంటేనే పేపరువాడు వేస్తాడని నేనన్నాను," అన్నాడు జోగయ్య నవ్వుతూ. "మన ఝాన్సీ మాత్రం, ఫోను చచ్చిపోతే ఫొటో తీసేదెవరు బాబాయ్ అంది. ధనరాజ్‌గారు ఆ మాటే ఒప్పుకున్నారు. పోన్లెండి, చిన్నపిల్ల గెలిచింది."

తిరుమలరావు గోడ దగ్గరికి వెళ్ళి నల్ల ఫోనుతో తీసిన ఫొటోలన్నీ చూశాడు. జోగయ్య పేరున్న ఫొటోలో విజయనగరం కోట బురుజు ఠీవిగా ఉంది, పైమూల సన్నగా ఎర్రటి వెలుగు. పొద్దుగూకే వేళ కోటను ఇంత బాగా ఎవరూ తియ్యలేదని అతను మెచ్చుకున్నాడు. జోగయ్య తలవంచి ఆ మెప్పు అందుకున్నాడు, కెమెరా గొప్పతనం అన్నాడు.

"అలాగా," అంది దుర్గాభవాని. "తిరుమలరావు, ఆ బురుజు నీడ ఎంత పొడుగుందో చూడు."

అతను చూశాడు. నీడ గోడ మొదట్లోనే ముద్దలా ఉంది. ఉంటే ఏమిటో అతనికి అర్థం కాలేదు. మేడం అడిగిందంటే ఏదో ఉందని మాత్రం అర్థమైంది.

ఉష తన నీలం ఫోను చూపించింది. వెనక కిందివైపు ఎండిపోయిన కుంకుమ బొట్టు ఉంది. కొన్న రోజున ధనరాజ్ భార్య నాలుగు ఫోన్లకూ పైడితల్లి అమ్మవారి కుంకుమ పెట్టిందట.

"వాడి చూడ్డానికి తెచ్చినప్పుడు పెట్టలేదా?" అని అడిగింది దుర్గాభవాని.

"అయ్యో, నచ్చకపోతే తిరిగిచ్చేసేది కదండీ. పరాయి వస్తువుకి బొట్టెవరు పెడతారు?" అని నవ్వింది ఉష.

నల్ల ఫోను ఇంకా దుకాణానికి చేరలేదు. కుర్రాడిని పంపిస్తానన్న దుకాణదారు మరిచిపోయాడు. పెట్టెతో సహా బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి అందరికీ తెలిసిన మేకుకే వేలాడుతోంది. దుర్గాభవాని ఫోను తీసి చూసింది. లోపల ఏమీ లేదు, కొత్తదానిలా అంతా తుడిచేసి ఉంది. కిటికీలోంచి ఎదుటి మేడను ఒక ఫొటో తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని చూసి, ఫోనును మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. పెట్టెకు కాగితం అంటించి, దాని మీద ముగ్గురి చేతా సంతకాలు చేయించింది.

ఆ సాయంత్రం రెండు పనులు తిరుమలరావు మీద పడ్డాయి. మీటింగు రోజు ఉష ఎక్కడుందో వాకబు చేస్తే, కింద ఫ్లెక్సీలు అచ్చువేసే దాలయ్య, ఆవిడ ఆ పూటంతా తన కొట్లోనే కూర్చుని రంగులు మార్పించి ప్రాణం తీసిందని చెప్పాడు. కంపెనీవాళ్ళు తీయించిన వీడియో చూస్తే, భోజనాలు మొదలైనప్పటి నుంచి చివరిదాకా ధనరాజ్ వేదిక మీదే, కంపెనీ పెద్దల మధ్య ఉన్నాడు. ఇవి విని దుర్గాభవాని ఝాన్సీకి ఫోన్ చేసి ఒకే ప్రశ్న వేసింది. నల్ల ఫోను నీ వంతులో ఉన్నప్పుడు నీ వాట్సాప్‌ను దానికి కలిపావా, తిరిగిచ్చేటప్పుడు తీసేశావా అని.

ఝాన్సీ అంది, "కలిపానండీ. తీసేసినట్టు గుర్తులేదు."

ఆదివారం మధ్యాహ్నం అందరూ గుల్లపాలెం తుఫాను షెల్టరులో చేరారు. ఆఫీసులో కాకుండా ఇక్కడెందుకని ధనరాజ్ విసుక్కున్నాడు. తప్పు జరిగింది వీళ్ళకు గనక అంది దుర్గాభవాని. ఒకవైపు చాపల మీద కూర్మమ్మా, ఊరి ఆడవాళ్ళూ కూర్చున్నారు. దేముడమ్మ వాళ్ళలో కలవకుండా గుమ్మం దగ్గర స్తంభానికి ఆనుకుని నిలబడింది. కూతురు ఎదురుగా ఉన్నా ఆమె వైపు చూడలేదు. ఆ పిల్లే ఈ పని చేసిందేమోనన్న అనుమానం తల్లికి కూడా ఎక్కడో ఉంది. ఝాన్సీకి అది తెలుసు, ఇన్నాళ్ళుగా ఆమెను తినేస్తున్నది అదే.

దుర్గాభవాని గొంతు పెంచకుండా మొదలుపెట్టింది.

"ఈ ఫొటో ఝాన్సీ ఫోనుతో తీసింది కాదు. పైమూల ఈ ఎరుపు చూడండి. మిట్టమధ్యాహ్నం ఆకాశం ఎర్రగా ఉండదు. ఇదే ఎరుపు, ఇదే మూల, జోగయ్యగారు తీసిన కోట ఫొటోలో ఉంది. అక్కడా నీడ గోడ మొదట్లోనే ఉంది, అదీ మధ్యాహ్నమే. ఆయన కంటే ముందు అదే ఫోనుతో ముగ్గురు తీసిన ఫొటోల్లో ఎరుపు లేదు."

పెట్టె కాగితం చింపి నల్ల ఫోను తీసి, సముద్రం వైపు ఒక ఫొటో తీసింది. దాన్ని కూర్మమ్మ చేతికిచ్చింది. కూర్మమ్మ ఫోనును దూరంగా పట్టుకుని చూసింది.

"ఓలమ్మ, పొద్దు నెత్తి మీదున్నాది. ఈ మూల ఎర్రగున్నాదేటి?"

దుర్గాభవాని తడి గుడ్డ కొసతో కెమెరా అద్దం అంచును తుడిచి చూపించింది. గుడ్డకు ఎర్రగా అంటింది.

"కుంకుమ. నూనె కుంకుమ గనక పైపైన తుడిచినా అంచున ఉండిపోయింది. ఇది పరాయి ఫోను, దీనికి బొట్టెవరు పెడతారు? ఇది తనదైపోయిందని నమ్మినవాళ్ళే పెడతారు. జోగయ్యగారు, మీ మాటే నెగ్గుతుందనుకుని, ఇంకా ఏమీ తేలకముందే ఈ ఫోనును పైడితల్లమ్మ గుడికి తీసుకెళ్ళారు. మీ వంతు మొదలైన దగ్గర నుంచే ఫొటోల్లో ఎరుపు వచ్చింది."

"బొట్టు నేనే పెట్టాను," అన్నాడు జోగయ్య తడబడకుండా. "దాంతో ఏమైంది? బీరువాలోంచి ఎవరైనా తియ్యచ్చు."

"తియ్యచ్చు. కానీ దాన్ని ఈ ఊరు తెచ్చి, అన్నాల దగ్గర నిలబడాలి. ఉషగారు ఆ పూట దాలయ్య కొట్లో ఉన్నారు. ధనరాజ్‌గారు వేదిక దిగలేదు, వీడియో ఉంది. ఝాన్సీ తన నంబరు నుంచి తన ఊరిని తిట్టుకోవాలంటే తన ఫోనే చాలు, బీరువాలోని ఫోను తేవాల్సిన పని లేదు. విలేకరులను కూర్చోబెట్టి వడ్డించే పని ఆ రోజు మీది. ఆ ఫోనులో ఝాన్సీ వాట్సాప్ ఇంకా తెరిచే ఉందని మీ వంతులో మీకు తెలిసింది. ఫొటో తీసి, అందులోంచే పంపి, ఇంటికెళ్ళి అంతా తుడిచేసి పెట్టెలో పెట్టారు. లోపల తుడిచారు గాని పైన సరిగ్గా తుడవలేదు."

తిరుమలరావుకు చప్పట్లు కొట్టాలనిపించింది. చుట్టూ ఎవరూ కొట్టేలా లేకపోవడంతో చేతులు కట్టుకున్నాడు.

 జోగయ్య మాట్లాడింది దుర్గాభవానితో కాదు, ధనరాజ్‌తో.

"ఈ జిల్లాలో విలేకర్లందరికీ మిమ్మల్ని పరిచయం చేసింది నేను. ఈ నల్ల ఫోనే నాకు వచ్చిందని ఇంట్లో చెప్పాను. మా ఆవిడ గుడికి వచ్చి కొబ్బరికాయ కొట్టింది. మీరు చేపలమ్మే మనిషి కూతురి మాట విని నా మాట తీసేశారు. ఏమైంది, ఆ బొట్టు పెట్టిన ఫోనేదీ అని మా ఆవిడ అడిగితే ఏం చెప్పను?"

ధనరాజ్ తల దించుకున్నాడు. ఝాన్సీ, "బాబాయ్, మీరు అడిగుంటే నేనే వదులుకునేదాన్ని," అంది. ఆ మాటలో కోపం లేదు, అందుకే వినడానికి కష్టంగా ఉంది.

గుమ్మం దగ్గర నుంచి దేముడమ్మ కదిలింది. నడిచి వచ్చి జోగయ్య ఎదురుగా నిలబడింది.

"బాబూ, నీకూ మా ఝాన్సీ గుంటకీ తగువైతే దాన్ని అనుంటే పోయీది. మా కంచాలు నీకేటి సేసినాయి?"

 జోగయ్య చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఎవరూ ఆపలేదు.

తప్పు దిద్దుతూ పేపర్లకు ప్రకటన రాసిపెట్టమనీ, రేపటి నుంచి పనిలోకి రమ్మనీ ధనరాజ్ ఝాన్సీని బతిమాలాడు. రానని గాని వస్తానని గాని ఆమె అనలేదు. ప్రకటన తను రాయననీ, ఊరివాళ్ళ మాట ఊరివాళ్ళే చెప్పాలనీ అంది. తన నీలం ఫోనులో వీడియో తెరిచి కూర్మమ్మ ముందు కూర్చుంది.

కూర్మమ్మ ఆ ఫోను వైపు చూడలేదు. వెనక్కి తిరిగి దేముడమ్మ కోసం వెతికింది.

"దేముడమ్మా, ఆడ నిలబడిపోయేవేటే? నువ్వొచ్చి నా పక్కన కూకో. ముందు నానొక మాట సెప్పాల. మేవే నీ తట్ట బోర్లించినామని సెప్పాల."

దేముడమ్మ వెళ్ళి కూర్చుంది. కూర్చుంటూ కూతురి తల మీద చెయ్యి వేసి, తియ్యడం మరిచిపోయింది. ఝాన్సీ కళ్ళు తుడుచుకోకుండానే, చెయ్యి కదలకుండా ఫోను పట్టుకుని, చెప్పమని తల ఊపింది.