మూత తీసిన ఊరు

టవర్ ఆన్ చేశాక చాలాసేపు ఏమీ జరగలేదు. కొండ మీది కంట్రోల్ రూములో డాక్టర్ కమలాక్షి స్క్రీన్ చూడడం మానేసి కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. కింద శంఖరేవు పట్టణం ఉండాల్సిన చోట బూడిదరంగు తప్ప ఇంకేమీ లేదు. ఉన్నట్టుండి ఆ బూడిదలో ఒకచోట కదలిక వచ్చింది. పొగ సుడి తిరిగి, స్తంభంలా లేచి, పైపైకి పోయింది. మధ్యాహ్నానికల్లా ఇళ్ల కప్పులు, రేవులోని ఓడలు, వాటి వెనక సముద్రం ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. పుష్యమాసంలో ఆ ఊరు ఎండ చూసి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు.

శంఖరేవుది గిన్నెలాంటి నేల. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం. తెల్లవారుజామున నేల మీంచి వీచే గాలి ఫ్యాక్టరీల పొగను, రేవులోని బొగ్గుపొడిని సముద్రం మీదికి తోసేది. మధ్యాహ్నం సముద్రపు గాలి దాన్నే తిరిగి మోసుకొచ్చి కొండలకేసి కొట్టేది. వానాకాలం పరవాలేదు. నైరుతి గాలి తోసేది, వాన కడిగేది. అసలు బాధంతా చలికాలంతోనే. మామూలుగా పైకి పోయేకొద్దీ గాలి చల్లబడాలి. చలికాలంలో నేల ముందు చల్లబడిపోయి, వెచ్చటి గాలి పైన పొరలా పరుచుకుంటుంది. పొగ ఆ పొరను దాటలేదు. శాస్త్రవేత్తలు దాన్ని ఇన్వర్షన్ అంటారు. ఊరివాళ్లు మూత అన్నారు. టవర్ చేసే పని ఒక్కటే. కింది గాలిని బాగా వేడెక్కించి, ఆ మూతకు చిల్లు పొడవడం.

కొండ దిగువన టీకొట్టు నడిపే పోలమ్మ మర్నాడు ఫ్లాస్కు నిండా టీ పట్టుకుని పైకొచ్చింది. ఆమె మొగుడు ఎర్రయ్య రేవులో బొగ్గు దించి దించి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నవాడు. చలికాలమంతా గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. రాత్రి నడుం వాల్చి పడుకున్నాడని చెప్పి, ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. కమలాక్షికి ఆ తర్వాత వచ్చిన సన్మానాలేవీ అంత తృప్తినివ్వలేదు.

కొత్త ఫ్యాక్టరీలు రావడం అప్పుడే మొదలైంది. ఎంత పొగైనా పైకి పంపే యంత్రం ఉండగా భయమెందుకన్నారు. రేవు రెండింతలైంది. కమలాక్షి అభ్యంతరం చెప్పింది గాని, గట్టిగా చెప్పలేదు. తన యంత్రం మీద జనానికి అంత నమ్మకం ఉండడం లోలోపల ఆమెకూ బాగానే ఉంది. పొగ నైరుతి గాలి తోయగలిగినదానికన్నా పెరిగిపోయింది. దాంతో టవర్ వానాకాలంలోనూ ఆగకుండా నడవసాగింది.

ఆ ఏడు ఆషాఢంలో మబ్బులు కొండలెక్కి వచ్చాయి. ఊరి మీద నల్లగా కమ్మాయి. చినుకు పడలేదు. అలాగే ముందుకు సాగి, ఒడ్డు దాటాక సముద్రంలో కురిశాయి. జనం ఇసుకలో నిలబడి, ఎదురుగా నీళ్ల మీద పడుతున్న వానను చూశారు. మరుసటి ఏడూ అంతే. బావులు ఎండాయి. ట్యాంకర్ల దగ్గర తలలు పగిలాయి.

కారణం కమలాక్షికి తెలిసిపోయింది. మబ్బులోని తేమ ధూళి రేణువుల చుట్టూ చేరితేనే చినుకవుతుంది. రేణువులు మితిమీరితే తేమ పంపకాలైపోయి, ఏ చినుకూ కిందపడేంత బరువెక్కదు. ఒడ్డు దాటి, సముద్రపు ఉప్పు రేణువులు తగిలాకే మబ్బు కురుస్తుంది. ఆ ధూళిని మబ్బుల్లోకి ఎక్కిస్తున్నది తన టవరే. ఫ్యాక్టరీలను మూయమంది, ఎవరూ వినలేదు. చివరికి టవర్ ఆపి చూడ్డానికి మాత్రం కలెక్టరు దగ్గర అనుమతి సంపాదించింది.

టవర్ ఆపిన మర్నాటికి ఊరు కనిపించలేదు. ఇప్పుడు పొగ పాతరోజుల పొగ కాదు. ఆస్పత్రి వరండాలు నిండిపోయాయి. పోలమ్మ రొప్పుతూ కొండెక్కి వచ్చింది. ఈసారి చేతిలో ఫ్లాస్కు లేదు.

"ఎందుకాపేసినావమ్మా?" అంది.

"వాన కోసం పోలమ్మా. నాలుగు రోజులు ఓర్చుకుంటే..."

"మా ఆయనకి నాలుగు రోజుల్లేవు."

కమలాక్షి ప్యానెల్ దగ్గరికి నడిచింది. తన చేత్తోనే స్విచ్ వేసింది. పొగ లేచింది. దానితోపాటే కొండ అంచున నిలిచిన మబ్బు కూడా నెమ్మదిగా సముద్రం వైపు సాగిపోయింది.

ఎర్రయ్య బతికాడు. శ్రావణం వెళ్లేలోపు పోలమ్మ కొట్టు ఎత్తేసింది. సామాను వేసుకున్న ఆటోలో మొగుణ్ని కూర్చోబెట్టి, చెప్పి పోదామని పైకొచ్చింది. కొండల అవతల చెల్లెలి ఊరికి పోతున్నామంది.

"ఇక్కడ గాలి బాగుంది కదా, ఆయనకి అక్కడ..." అంది కమలాక్షి.

"బాగుందమ్మా. టీ కాయడానికి నీళ్లు లేవు. గాలి తాగి ఎన్నాళ్లు బతుకుతాం?"

ఆటో ఘాట్ రోడ్డు ఎక్కింది. దాని వెనక ఇంకెన్నో ఆటోలు, లారీలు. ఊరు సగానికి పైగా ఖాళీ అయింది. సముద్రపు నీళ్లను శుద్ధి చేసి వాడుకోగల కంపెనీలు మాత్రం కదల్లేదు. ఖాళీ అయిన పేటల్లో ఇళ్లు పడగొట్టి, యూనిట్లు విస్తరించుకున్నాయి. వాటి పొగ కోసం ప్రభుత్వం రెండో టవర్ మంజూరు చేసింది. దానికి డాక్టర్ కమలాక్షి పేరు పెట్టారు.