మొరాయింపు బెల్లం

పిచిక మోకాళ్ళు వంచలేదు.

రెక్కలరేవులో వరసలో నిలబడ్డవాళ్ళు మాటలాపి చూశారు. పాలమెట్ట బడిలో పాఠాలు చెప్పే నీరద సంచీ భుజాన వేసుకుని, ఎప్పటిలాగే తల వంచి నిలుచుంది. ఆ పక్షి నిటారుగా నిలబడితే రేవు కప్పుకంటే ఎత్తు. దానికి పిచిక అని పేరు పెట్టినవాళ్ళెవరోగాని సరదా మనుషులు. అది ముక్కు దించి నీరద పాపిట మీద ఆనించింది. వాసన చూసింది, ఆగింది, మళ్ళీ చూసింది. తర్వాత తలెత్తి, వెనక్కి జరిగి, కాళ్ళు కర్రల్లా బిగించుకుంది.

"మొరాయించింది" అంది కాపరి పైడితల్లి, జీను పట్టీ వదిలేస్తూ. "సంచీ దింపు పంతులమ్మా. ఇంక బిడ్డ పుట్టేదాకా నీకు నేలే గతి."

వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. పెళ్ళినాటి గోరింటాకు ఇంకా గోళ్ళనే ఉందే, ఇంత తొందరేమిటని ఒకావిడ దెప్పింది. నీరదకి నవ్వూ సిగ్గూ కలిసి వచ్చి సంచీని గుండెకి హత్తుకుంది.

కొండచరియలు విరిగి దారులన్నీ లోయల్లో కలిసిపోయాక, వాళ్ళుండే తెరలమెట్టకీ మిగతా మెట్టలకీ మధ్య మిగిలినవి ఈ మోపరి పక్షులే. మనిషిని మోయడానికే శాస్త్రజ్ఞులు వాటిని పుట్టించారు. మొదటి తరం పక్షులెక్కి పైగాలుల్లో తిరిగిన గర్భిణుల్లో కొందరికి కడుపు నిలవలేదు. అందుకని రెండో తరానికి ముక్కు లోపల వాసనతిత్తి అమర్చారు. ఎక్కబోయే మనిషి తల మూర్కొని, ఒంట్లో ఇంకో ప్రాణం ఉందని తెలిస్తే ఆ పక్షి మోకరిల్లదు. జాగ్రత్త కోసం చేసిన ఏర్పాటు, అంతే. జనం దాన్ని వేడుక చేసుకున్నారు. పరీక్షలూ అవీ ఎప్పుడో మానేశారు. నెలకోసారి వచ్చే డాక్టరమ్మ కూడా ముందు అడిగేది, మోపరి ఏమందనే. దాని మాట తప్పిందని ఆ కొండల్లో ఎవరూ వినలేదు.

గాలిమరలు బాగుచేసే మురహరికి ఎవరో కేకేసి చెప్పారు. చేతులకి గ్రీజుతోనే పరిగెత్తుకొచ్చాడు. వచ్చి, పెళ్ళాన్ని వదిలేసి, పిచిక మెడ కౌగిలించుకున్నాడు. దాని తెల్లటి ఈకల మీద నల్లటి వేళ్ళ ముద్రలు పడితే పైడితల్లి తిట్టిపోసింది. ఆ ముద్రలు చాలా రోజులు పోలేదు. వాటిని చూసినప్పుడల్లా నీరదకి నవ్వొచ్చేది.

అత్తగారు సీతారత్నం ఆ సాయంత్రం మొరాయింపు బెల్లం పంచింది. ఆచారం ప్రకారం మొదటి ముద్ద పక్షికి, తర్వాత రేవులో ఉన్నవాళ్ళకి, తర్వాత వీధికి. ఏలకులు కాస్త ఎక్కువే వేసింది. గిన్నె అడుగున మిగిలింది మురహరి వేలితో గీకి తింటుంటే, నీకు కడుపొచ్చిందిట్రా అని చెయ్యి మీద ఒకటి వేసింది.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే పలకరింపు. కడుపు పైకి కనిపించేదాకా ఆడపిల్ల రేవుకి వెళ్ళి, పక్షి ముందు తల వంచి, కాదనిపించుకుని రావాలి. అలా కాదనిపించుకోవడం కోసం ఎదురుచూడటం ఎంత బాగుంటుందో నీరద ఎప్పుడూ ఊహించలేదు. ఇద్దరూ మంచులో దిగి వెళ్ళేవారు. దారిలో ఒకే గ్లాసు టీ, చెరో గుక్క. పిచిక వాసన చూసి వెనక్కి జరిగేది. ఆ వెంటనే మురహరి తన తల వంచేవాడు. పక్షి తటాలున మోకరిల్లేది. నీలో ఏమీ లేదుట పో అని రేవంతా నవ్వేది. తిరిగొచ్చేటప్పుడు వాళ్ళు పేర్లు ఎంచుకునేవారు. ఆడపిల్లకి దొరికినన్ని పేర్లు మగపిల్లాడికి దొరికేవి కావు.

ఆ పొద్దున కూడా అలాగే దిగారు. నీరదకి ఒంట్లో ఏ తేడా లేదు. నొప్పి లేదు, నలత లేదు, రాత్రి నిద్ర కూడా బాగా పట్టింది. పాపిట దువ్వుకుని తల వంచింది. వెచ్చటి ఊపిరి నుదుటి మీద పడింది. ఆగింది. మళ్ళీ పడింది.

పిచిక మోకాళ్ళు వంచింది.

గొంతులో ఏదో కూత కూసింది. చాలా రోజులుగా తన వీపు ఎక్కని మనిషి కోసం సంతోషంగా కూసే కూత అది. ఎడమ రెక్క నేలమీద పరిచింది, ఎక్కమని.

ఎవరూ నవ్వలేదు. పైడితల్లి పట్టీ లాగి దాన్ని లేపింది. అది లేచి, నీరద తల మరోసారి మూర్కొని, మళ్ళీ మోకరిల్లింది. చెప్పిన మాట వినే పక్షి అది, రెక్క ఇంకా బాగా పరిచింది.

"తలకి కొత్త నూనె పెట్టావేంటమ్మా?" అంది పైడితల్లి.

పెట్టలేదని నీరద తలూపింది. ఈకలు రాల్చే కాలం కదా, పక్షికి తిక్కగా ఉంటుందని ఒకాయన అన్నాడు. గాలి పడమటి నుంచి తిరిగిందని ఇంకొకాయన అన్నాడు. చప్పట్లు కొట్టిన చేతులే ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సంచుల తాళ్ళు బిగిస్తున్నాయి. మొరాయించిన రోజుకి బెల్లం ఉంది. మోకరిల్లిన రోజుకి ఏముండాలో ఎవరూ ఏర్పరచలేదు. తల్లులు గాలిలో నష్టపోకూడదని అంత ఆలోచించినవాళ్ళకి, నష్టపోయిన సంగతిని తల్లికంటే ముందు రేవంతా తెలుసుకుంటుందని తోచలేదు.

మురహరి ఆవేళ తల వంచలేదు. నీరద మోచెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు.

ఇంటికి చేరేసరికి కబురు ముందే చేరింది. సీతారత్నం కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని పాదాలు రాసింది. మురహరి మాత్రం కూర్చోలేకపోయాడు. పక్షులూ ముసలివవుతాయని, తిత్తులూ పాడవుతాయని, మరలు పాడవడం తనకంటే ఎవరికి తెలుసని గదిలో తిరుగుతూ చెప్పాడు. నీరద వింటోంది. మధ్యాహ్నానికి నడుములో సన్నగా ఒక పోటు మొదలైంది. అది ఆమె ఎవరికీ చెప్పలేదు. పక్షికి తెలిసింది, ఊరికి తెలిసింది, ఒంటికి తెలుస్తోంది. మురహరికి ఇంకొక్క పూట తెలియకపోతే ఏమైందని అనుకుంది.

దీపం పెట్టే వేళకి అతను ఆమె ముందు చతికిలబడ్డాడు. ముఖంలో కాస్త వెలుగు వచ్చింది.

"పాలమెట్ట రేవులో ముసలి మోపరి ఉందిట. దాని ముక్కు అన్నిటికంటే గట్టిదిట. రేపు పొద్దున్నే అక్కడికి వెళ్ళి చూపించుకుందాం."

మళ్ళీ పాదాలు రాస్తున్న సీతారత్నం చెయ్యి ఆగిపోయింది. పాలమెట్టకి దారి లేదు. ఉన్నది పిచిక వీపు ఒక్కటే. అది నీరదని ఎక్కనిస్తేనే వాళ్ళు అక్కడికి చేరతారు. ఎక్కనిచ్చిందంటే ఇక అక్కడ అడగడానికి ఏమీ మిగలదు. కొడుక్కి ఇంకా తట్టలేదని ఆమెకి అర్థమైంది. నోరు తెరవబోయింది. నీరద ఆమె చేతిమీద చెయ్యి వేసింది.

అతను ఎదురుచూస్తున్నాడు, చిన్నపిల్లాడు తాయిలం కోసం చూసినట్టు.

"సరే, మొదటి సవారీకే వెళ్దాం" అంది నీరద. "మా బడీ అక్కడేగా. రేపట్నుంచి పాఠాలకి వస్తున్నానని చెప్పేసి వస్తాను."