టోర్కిల్ పడవ బిరడా

హెస్తవాట్ మడుగు ఒడ్డున పొద్దుపోయాక నిలబడకూడదని మా దీవిలో ఎవర్నడిగినా చెబుతారు. ఎందుకంటే మాత్రం మాట మార్చేస్తారు. అక్కడ ఒడ్డుకి లాగిన పడవ ఒకటుంది. దాని వెనక ఎవరో వంగి... చేత్తో తడుముతూ... ఏదో వెతుక్కుంటూ ఉంటారట. దగ్గరికెళ్ళి మొహం చూసినవాడు లేడు.

నా పేరు రువారీ. టపా బండి నడుపుతాను. దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అలాగని రాత్రి పదకొండు దాటాక ఆ మలుపులో బండి ఆపమంటే ఆపను. జూన్ నెలలో మాకు చీకటి సరిగా పడదు, బూడిద రంగు వెలుతురొకటి తెల్లారేదాకా అలాగే ఉంటుంది. చీకటైతేనే నయం, ఏమీ కనపడదు. ఈ వెలుతుర్లో అన్నీ సగం సగం కనపడతాయి.

మడుగు పైనున్న ఇల్లు షోనాగ్ పిన్నిది. మా అమ్మకి చిన్నాన్న కూతురు. ఆవిడ భర్త టోర్కిల్ బాబాయి ఆ మడుగులోనే పోయాడు. పదకొండేళ్ళయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో పడుకోలేక పిన్ని అక్కగారింటికి మారిపోయింది. వేసవిలో ట్రౌట్ చేపల కోసం వచ్చేవాళ్ళకి ఇల్లు వారం చొప్పున అద్దెకిస్తుంది. వంట ఎవరిది వాళ్ళే చేసుకోవాలి. పడవ ఇంటితో పాటే.

బాబాయి ఎలా పోయాడో ముందే చెప్పాలి. పడవ వెనక, అడుగుకి ఆనుకుని ఒక కంత ఉంటుంది, దానికో చెక్క బిరడా. ఒడ్డుకి లాగాక బిరడా పీకేస్తాం, లేకపోతే వాన నీళ్ళు పడవలోనే నిలిచిపోతాయి. పీకిన బిరడాని ఇంటికి తెచ్చి గుమ్మం పక్క మేకుకి తగిలిస్తాం. మేకుకి బిరడా ఉందంటే మనిషి ఇల్లు చేరినట్టు. లేదంటే ఇంకా నీళ్ళ మీదే ఉన్నట్టు. మా ఆడవాళ్ళు గడియారం చూడరు, మేకు చూస్తారు.

బాబాయి పడవ, ఇప్పుడు ఒడ్డున ఉన్నదే, మడుగు అడుగున దొరికింది. కంతలో బిరడా లేదు. నలభై ఏళ్ళు పడవ నడిపినవాడు బిరడా పెట్టుకోవడం మర్చిపోయాడు! ఏడ్చినవాళ్ళే మూడు నెలలు తిరక్కుండా నవ్వడం మొదలెట్టారు. ఎవడైనా తాళంచెవి మర్చిపోతే చాలు, "వచ్చాడ్రా బిరడా టోర్కిల్" అనేవాళ్ళు. ఆ పేరు మొదట పెట్టింది నేనే. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పోయిన జూన్‌లో గ్లాస్గో నుంచి వాల్టర్ అనే ఆయన ఆ ఇంట్లో దిగాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. చలికాలంలోనే ఇద్దరికని బుక్ చేసుకున్నాడు. ఫిబ్రవరిలో భార్య పోయింది. ఒక్కడే వచ్చాడు. ఇక్కణ్ణించి చాలావరకు ఆయన నాకు చెప్పిందే.

దిగిన రోజు శనివారం. వంటింటి గోడకి పిన్ని రాసి అంటించిన కాగితం ఉంది. చెత్త ఎక్కడ వెయ్యాలి, వేణ్ణీళ్ళు ఎలా పెట్టుకోవాలి... చివర్న ఒక ముక్క. "గుమ్మం పక్క మేకుకి దయచేసి ఏమీ తగిలించొద్దు. తువ్వాలు కూడా." ఆయనకి చిత్రంగా అనిపించింది. పడవ చూస్తే దానికి ప్లాస్టిక్ బిరడా, పోకుండా గొలుసుతో కట్టేసి ఉంది. మరి ఈ మేకు దేనికి?

ఆ రాత్రి నిద్రపట్టక కిటికీ దగ్గర కూర్చుంటే, పడవ వెనక ఎవరో వంగి ఉన్నట్టనిపించింది. ఊళ్ళోవాళ్ళెవరో అనుకున్నాడు.

సోమవారం రాత్రి మళ్ళీ. ఈసారి చాలాసేపు...

మంగళవారం ఉండబట్టలేక కోటు వేసుకుని బయల్దేరాడు. ఒడ్డు మీది బండల దాకా వెళ్ళి ఆగిపోయాడు. పొడుగాటి మనిషి. పడవ కంతలో వేలు పెట్టి చూస్తున్నాడు. లేచి జేబులు తడుముకుంటున్నాడు — కోటు జేబు, లోపలి జేబు, ప్యాంటు జేబు, మళ్ళీ కోటు జేబు. మళ్ళీ వంగి కంత తడుముతున్నాడు. కాళ్ళ కింద గులకరాళ్ళున్నాయి. చప్పుడు లేదు.

"ఎవరండీ?" అన్నాడు వాల్టర్.

ఆ మనిషి నిలబడ్డాడు. వాల్టర్ వైపు చూడలేదు... ఇంటి వైపు చూశాడు. వంటింట్లో వెలుగుతున్న దీపం వైపు. అలా చూస్తూనే — లేడు.

బుధవారం నేను టపా ఇవ్వడానికి వెళితే, "రువారీ, ఆ పడవ దగ్గరికి రాత్రిళ్ళు ఎవరొస్తారు?" అని అడిగాడు.

"ఇంకెవరు సార్, బిరడా టోర్కిలే. మర్చిపోయింది వెతుక్కుంటున్నాడు పాపం" అని నవ్వాను. ఆ కథంతా కూడా చెప్పాను, నవ్వుతూనే.

వాల్టర్ నవ్వలేదు. పొయ్యి మీద రెండు కప్పులకి సరిపడా నీళ్ళు మరుగుతున్నాయి. అలవాటు కాబోలు.

గురువారం రాత్రి ఆయన ముందే వెళ్ళి బండల చాటున కూర్చున్నాడు. గాలి లేదు. మడుగులో చేపలు ఎగిరిపడుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. పదకొండున్నరకి గులకరాళ్ళు కరకరమన్నాయి. ఒక ఆకారం నెమ్మదిగా వచ్చింది... పడవ వెనక వంగింది... గొలుసు కదిలింది.

వాల్టర్ లేచి నిలబడ్డాడు. ఆ ఆకారం కెవ్వుమంది.

"అయ్యో, నేనేనండీ! షోనాగ్‌ని! ఇంటావిణ్ణి!"

ఇద్దరూ గుండెలు పట్టుకుని చెరో బండ మీదా కూలబడ్డారు.

"గొలుసు ఊడిందేమోనని చూసుకుంటానండీ" అంది పిన్ని, ఊపిరి అందుకుని. "మీలాంటివాళ్ళు దిగిన రాత్రి ఒకసారి, వెళ్ళబోయే ముందు ఒకసారి. పగలొస్తే ఊళ్ళోవాళ్ళు జాలిగా చూస్తారు. రాత్రొస్తే దెయ్యమంటున్నారు. అననీండి."

"అమ్మయ్య" అన్నాడు వాల్టర్. "అయితే సోమవారం, మంగళవారం కూడా మీరేనన్నమాట. మగవాళ్ళ కోటు వేసుకునేసరికి పోల్చుకోలేకపోయాను."

పిన్ని తలెత్తి ఆయన వైపు చూసింది.

"సోమ, మంగళ నేను స్టోర్నోవే పట్నంలో ఉన్నానండీ. కంటి డాక్టరు దగ్గర. నిన్న మధ్యాహ్నం బస్సుకొచ్చాను."

వాల్టర్ పడవ వైపు తిరిగి చూశాడు.

"ఏం చేస్తున్నాడు?" అంది పిన్ని, గుసగుసగా. ఎవరు అని అడగలేదు.

"జేబులు వెతుక్కుంటున్నాడమ్మా" అన్నాడు. "ఒక్కొక్కటే... మళ్ళీ మళ్ళీ."

పిన్ని రెండు చేతులతో మొహం కప్పుకుంది. పదకొండేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట, నాలుగు రోజుల పరిచయమైనా లేని మనిషికి అప్పుడు చెప్పింది.

అది శనివారం రాత్రి. మా దీవిలో ఆదివారం ఎవరూ చేపలు పట్టకూడదు. చేపలు పైకొస్తున్నాయి, ఒక్క గంట వెళ్ళొస్తానన్నాడు బాబాయి. పది దాటింది, గంటంటావు, ఆదివారంలోకి పోతుంది, పొద్దున్నే ప్రార్థనకి ఏ మొహంతో వెళతాం అంది పిన్ని. మాటా మాటా పెరిగింది. ఆయన గేలం కర్ర తెచ్చుకునే లోపల ఆవిడ మేకు మీది బిరడా తీసి ఏప్రన్ జేబులో వేసుకుని, వెళ్ళి పడుకుంది.

"అడుగుతాడనుకున్నానండీ. అడిగితే ఇచ్చేదాన్నే. ఒక్క మాట... షోనాగ్, బిరడా ఏదీ అని ఒక్క మాట అడిగుంటే... పంతం మనిషి. అడగలేదు. కొట్టంలో చెక్క చెక్కుతున్న చప్పుడు వినిపించింది. గుడ్డ చుట్టి దొంగ బిరడా చేసుకుంటున్నాడని తెలుసు. పోనీలే, ఎంత దూరం వెళతాడు అనుకున్నాను. గోడ వైపు తిరిగి పడుకున్నాను."

గుడ్డా చెక్కా ఎక్కడ జారిపోయాయో ఎవరికీ దొరకలేదు. మర్చిపోయాడని ఊరంతా నవ్వుతుంటే, లేదు నేను దాచానని చెప్పే ధైర్యం పిన్నికి రాలేదు.

ఆవిడ కోటు జేబులోంచి తీసింది. చేతి చెమటకి నల్లబడిన చెక్క బిరడా, దారం ముడితో సహా.

"నా దగ్గరుంది టోర్కిల్" అంది, మడుగు వైపు తిరిగి. "నా దగ్గరే ఉంది. వెతుక్కోకు ఇంక." దాన్ని పడవలో వెనక పీట మీద పెట్టింది. వాల్టర్ ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని అక్కగారి గుమ్మం దాకా దింపి వచ్చాడు.

శుక్రవారం పొద్దున్నే నేను టపా తెచ్చేసరికి పిన్ని పడవ దగ్గర్నించి పైకి వస్తోంది, రొప్పుతూ. "పీట మీద లేదురా!" అంది. ఏం లేదో నాకర్థం కాలేదు. వాల్టర్ తలుపు తీశాడు.

మేకుకి బిరడా వేలాడుతోంది. దాన్నించి నీళ్ళు కారి కింద చిన్న మరక పడింది.

పిన్ని దాన్ని వేలితో ముట్టుకుంది. "ఇంటికొచ్చాడు" అంది. గట్టిగా ఏడవలేదు, గుమ్మంలోనే కూర్చుండిపోయింది. కాసేపటికి నన్ను పిలిచి, "రువారీ, మీ బాబాయి ఏదీ మర్చిపోలేదురా. నేనే దాచాను" అని మొత్తం చెప్పింది. నేను ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను. పొయ్యి వైపు చూశాను. అక్కడ ఆరబెట్టిన వాల్టర్ బూట్లున్నాయి, చీలమండల దాకా తడిసి.

నాకు అర్థమైంది.

శనివారం ఓడరేవులో ఆయన్ని పట్టుకున్నాను. "సార్, మీరేగా తగిలించింది?"

"నేనే" అన్నాడు వాల్టర్. "మడుగులో ముంచి మరీ తగిలించాను." కాసేపాగి, "తెల్లారి ఆవిడొచ్చి, అది పెట్టినచోటే పడుంటే చూసి తట్టుకోలేదనిపించింది. ఇంటికొచ్చాడనుకుంటే చాలనుకున్నాను. నాకైతే అలా అనుకోవడానికి కూడా ఏమీ లేదు."

"మంచిపని చేశారు."

ఓడ కూత వేసింది. ఆయన పెట్టె ఎత్తుకుని, మళ్ళీ కింద పెట్టాడు.

"కానీ రువారీ... నేను వెళ్ళేసరికి అది పీట మీద లేదు. ప్లాస్టిక్‌ది గొలుసుకి వేలాడుతోంది. చెక్కది కంతలో ఉంది. లోపలికంటా దిగేసి... పీకడానికి నా రెండు చేతులూ సరిపోలేదు. కాలు తన్నిపెట్టి లాగాను."

ఆయన వెళ్ళిపోయాడు. నేను రేవులో చాలాసేపు నిలబడ్డాను.

ఆ తర్వాత పడవ దగ్గర ఎవరూ ఎవర్నీ చూడలేదు. "బిరడా టోర్కిల్" అని మా ఊళ్ళో ఎవరూ అనడంలేదు, నేను అననివ్వను. పిన్ని ఇల్లు అద్దెకివ్వడం మానేసి మళ్ళీ అక్కడే ఉంటోంది. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి మేకు చూసుకుంటుందట. హాయిగా నిద్రపడుతోందట.

ఇల్లు చేరినవాడు బిరడా పీకి తెచ్చుకుంటాడు. కంతలో బిగించేది బయల్దేరేవాడు. ఈ సంగతి పిన్నికి నాకంటే బాగా తెలుసు. అందుకే వాల్టర్ చెప్పింది ఆవిడకి నేను చెప్పలేదు.