పుట్టిల్లు చెరిపిన చేతులు

తలుపు తీసేసరికి గుమ్మంలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. కుట్టుపని మధ్యలో వదిలేసి పరుగెత్తుకొచ్చిందని డిటెక్టివ్‌కు అర్థమైంది.

"మా తమ్ముణ్ణి పోలీసులు పట్టుకుపోయారండీ. హత్య చేశాడట! బొద్దింక కనిపిస్తే కుర్చీ ఎక్కే సన్నాసి, వాడు మనిషిని చంపుతాడా?"

"కూర్చోండమ్మా. పోయిందెవరు?"

"వాళ్ల మేస్త్రీగారు."

డిటెక్టివ్ సహాయకురాలు మంచినీళ్లు అందించింది. ఒకప్పుడు ఆపరేషన్ వార్డులో పనిచేసింది కాబట్టి అందరూ ఆమెను నర్సమ్మ అనే పిలుస్తారు. నీళ్లు తాగి దర్జీ అక్క సంగతంతా చెప్పింది.

ఫ్యాక్టరీల్లో రేకు వంచే ప్రెస్సులను నడిపే ప్రోగ్రాములు తమ్ముడు పనిచేసే ఆఫీసులో రాస్తారు. అందరికన్నా పెద్ద ప్రోగ్రామర్‌ను మేస్త్రీ అంటారు. పోయిన నెల ఒక పనివాడి చేతులు లోపలుండగానే ప్రెస్సు దిగింది. రెండు చేతులూ మోచేతుల దాకా నుజ్జయి, అతను నెత్తురు కారి చనిపోయాడు. చెయ్యి అడ్డముంటే యంత్రాన్ని ఆపే భాగాన్ని ప్రోగ్రాములోంచి ఎవరో తీసేశారు. ఆఫీసు సర్వర్‌లో ఆ మార్పు తమ్ముడి పేరు మీద ఉంది. నిన్న మధ్యాహ్నం అందరూ భోజనానికి దిగినప్పుడు మేస్త్రీ తల పగిలింది. ఆ తల ఒళ్లో పెట్టుకుని తమ్ముడు దొరికిపోయాడు.

"నిన్న పొద్దున వెళ్లొస్తానని కూడా అనలేదండీ. ఎప్పుడూ అంటాడు" అందామె.

పోలీసులు నిన్న రెండు గంటలకే మేస్త్రీ గదికి సీలు వేశారు. ఇన్‌స్పెక్టర్ తాళం తీశాడు. నెత్తురు గోడ మీదుగా సీలింగు దాకా చిమ్మి ఉంది. మంటలార్పే ఎర్ర సిలిండరు మూలన పడి ఉంది. దాని అడుగున వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

"మూడు దెబ్బలు సార్" అంది నర్సమ్మ. "మొదటి దానికే ప్రాణం పోయి ఉంటుంది. మిగతా రెండూ కసి." ఆమె కీబోర్డు మీదకు వంగింది. "చుక్కలు అంతటా చిమ్మాయి. కొన్ని అక్షరాల మీద మాత్రం చెరిగిపోయాయి, చూశారా?"

"అంటే కొట్టిన తర్వాత ఎవరో టైపు చేశారు. నువ్వు లేకపోతే నా గతేమిటమ్మా?"

"కళ్లద్దాలు ఎక్కడ పెట్టారో వెతుక్కుంటూ కూర్చుంటారు."

ఆ కంప్యూటర్‌లో చివరగా కొట్టిన ఆదేశాన్ని డిటెక్టివ్ తెరిపించి చదివాడు. నిన్న మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై అయిదు నిమిషాలు. రిమోట్ అనే ఒక చిరునామాను తీసేశారు. దాని పేరును అతను నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

"ఇది మీవాళ్లు ఎవరైనా చూశారా?"

"లేదు, మీరే మొదలు" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

తర్వాత మేనేజరును పిలిచారు. ఇస్త్రీ నలగని చొక్కా, తడి ఆరని జుట్టు.

"నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నారు?"

"నా గదిలో, ఫోన్‌లో. ఆ కుర్రాడే చంపాడని అందరికీ తెలుసు కదండీ. మళ్లీ ఈ తతంగం ఎందుకు?"

"ప్రోగ్రాము ఇంకో కాపీ ఎక్కడైనా ఉందా?"

"ఆఫీసు సర్వర్ ఒక్కటే. మేస్త్రీకి ఏదో పుట్టిల్లు ఉండేదిలెండి, అదీ ఇప్పుడు లేదు."

"అయ్యో" అన్నాడు డిటెక్టివ్, పెన్ను మూత పెడుతూ.

సాయంత్రం నాలుగింటికి అందరినీ సమావేశం గదిలో కూర్చోబెట్టారు. తమ్ముడు బేడీలతో వచ్చాడు. అతని చొక్కా మీద నెత్తురు నల్లగా అట్టకట్టి ఉంది. డిటెక్టివ్ కబురు పెడితే మేస్త్రీ భార్య ఒక పాత కంప్యూటరును పసిబిడ్డను ఎత్తుకున్నట్టు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"మా అల్మారా మీద ఉండేది. రోజూ ఇంటికి బయల్దేరే ముందు అందరి పనీ దీనికి పంపేవారు" అందామె.

డిటెక్టివ్ లేచాడు. "రిమోట్ అంటే వేరేచోట ఉన్న కాపీకి దారి చూపే చిరునామా. దానికి ఎవరి కంప్యూటర్‌లో వాళ్లు ఇష్టమైన పేరు పెట్టుకోవచ్చు. ఆ పేరు రెండోవాళ్లకు కనబడదు. ఈ కాపీకి మేస్త్రీ పుట్టిల్లు అని పేరు పెట్టుకున్నారు. హత్య జరిగిన తర్వాత, నెత్తుటి వేళ్లతో ఎవరో ఆ పేరు తీసేశారు. రెండింటికి గదికి సీలు పడింది. పుట్టిల్లు ఇప్పుడు లేదని తీసేసిన మనిషికి తప్ప ఇంకెవరికి తెలుసు, మేనేజరుగారూ?"

"ఆ కుర్రాడైనా తీసి ఉండొచ్చు కదా!"

"నేను తీయలేదండీ" అన్నాడు తమ్ముడు, తల ఎత్తకుండానే. "తీసినా లాభం లేదు. చిరునామా కొట్టేస్తే ఇల్లు కూలదు."

"అదీ సంగతి. ఇతనికి పని తెలుసు, మీకు సగమే తెలుసు. పేరు తీసేస్తే కాపీ కూడా పోతుందనుకున్నారు." డిటెక్టివ్ పాత కంప్యూటరు తెర అందరి వైపు తిప్పాడు. "యంత్రం వేగంగా నడవాలని ఆ భాగం తీసేసింది మీరు. పనివాడు చనిపోయాక ఆఫీసు సర్వర్‌లోని చరిత్రను తిరగరాసి, ఇతని పేరు తగిలించి, పాతదాని మీద బలవంతంగా ఎక్కించారు. ఇక్కడికి మాత్రం మీ చెయ్యి చేరలేదు. రెండూ పక్కపక్కన పెట్టి మేస్త్రీ నిన్న మిమ్మల్ని నిలదీశారు."

మేనేజరు కుర్చీ ఎత్తి ఆ కంప్యూటరు మీదకు విసిరాడు. మేస్త్రీ భార్య అడ్డంగా వంగింది. కుర్చీ కాలు ఆమె భుజాన్ని చీల్చింది. అతను రెండో కుర్చీ అందుకునేలోపు నర్సమ్మ బల్ల మీది ఇనప ట్రేతో అతని మణికట్టు మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు గదంతా వినబడింది.

"ఇంకో చెయ్యి ఉంది, కట్టండి" అంది ఇన్‌స్పెక్టర్‌తో.

మేస్త్రీ భార్య నెత్తురు కారుతున్న భుజాన్ని పట్టించుకోలేదు. "ఆయన ఆఖరున పంపిందేమిటో చదవండి."

అది నిన్న ఒంటిగంటా అయిదు నిమిషాలకు వచ్చింది. డిటెక్టివ్ మెల్లగా చదివాడు. "ఆపే భాగం తిరిగి పెట్టాను. ఇక ఎవరి చేతులూ నలగవు. ఇందులో కుర్రాడి తప్పేమీ లేదు."

ఆమె ఆ తెర మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయింది.

బేడీలు తీశారు. దర్జీ అక్క తమ్ముడి దగ్గరికి వెళ్లి, అట్టకట్టిన చొక్కా గుండీలు ఒక్కొక్కటీ విప్పింది. సంచిలోంచి కొత్త చొక్కా తీసింది. దానికి ఒక చెయ్యి ఇంకా కుట్టలేదు.

"సగంలో లేచొచ్చాను" అంది.

"పర్లేదక్కా" అంటూ తమ్ముడు దాన్నే తొడుక్కున్నాడు. గుమ్మం దగ్గర ఆగి మేస్త్రీ భార్య వైపు తిరిగాడు.

"వెళ్లొస్తానమ్మా" అన్నాడు.