పావు తొమ్మిది

తూర్పు జర్మనీ రహస్య పోలీసు కల్నల్ లోట్సె ఫొటో ఒకటి బల్లమీద పడేశాడు.

"డాక్టర్ హేడ్విగ్. రేపు పొద్దున పశ్చిమ జర్మనీకి ఉడాయిస్తోంది. తీసుకెళ్ళే లారీ డ్రైవరు అవతలి ఏజెంటు. ఇద్దరూ కలిసిన క్షణంలో పట్టుకోవాలి. ఒక్కత్తే దొరికితే కేసు నిలవదు."

ఏజెంట్ ట్రెంక్నర్‌కి ఆ ముఖం తెలుసు. సరిహద్దు దగ్గర తూటా తగిలి చచ్చిపోయిన యువకుడికి గుండెపోటని సర్టిఫికెట్ రాయించుకు రమ్మని సర్కారు పంపింది అతన్నే. మూడుసార్లు వెళ్ళాడు. "గుండె అందరికీ ఆగుతుందయ్యా. ఎందుకు ఆగిందో రాయడం నా పని," అందామె మూడుసార్లూ. ఇక ఆమెకి మిగిలింది జైలైనా కావాలి, పరారైనా కావాలి.

మనుషుల్ని సరిహద్దు దాటించే ముఠా కళ్ళుమూసుకుని నమ్మిన అందగత్తె రమోనా నిజానికి కల్నల్ మనిషి. డాక్టరుకీ డ్రైవరుకీ కోడ్ చేరవేసింది ఆమే. లీప్‌జిగ్ ట్రామ్ స్టాపు, పావు తొమ్మిది.

ఎనిమిదింపావుకల్లా డాక్టరు చిన్న సంచీతో వచ్చి నిలబడింది. పక్కన పేపర్ల బడ్డీలో పెట్టుడు మీసంతో ట్రెంక్నర్. బొత్తంలో కెమెరా, కాలర్‌లో మైకు. ఎదుటి బెంచీమీద రమోనా పెదాలకి రంగు దిద్దుకుంటోంది. ఎనిమిదిన్నరైనా లారీ జాడ లేదు.

అప్పుడు తట్టింది అతనికి. లీప్‌జిగ్‌లో పావు తొమ్మిదంటే తొమ్మిదో గంటలో పావువంతు నడిచిందని, అంటే ఎనిమిదింపావని అర్థం. అవతల కొలోన్‌లో పెరిగిన డ్రైవరుకి ఆ లెక్క ఏం తెలుసు? పావు తక్కువ తొమ్మిదనుకుని ఉంటాడు. ఇంకో పావుగంటలో వస్తాడు, ఆమె చేతులకి బేడీలు పడతాయి.

ఇరవై ఏళ్ళుగా చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషి ట్రెంక్నర్. ఇప్పుడూ నోరు మూసుకుంటే చాలు, మెడల్ ఖాయం. కానీ ఆమె ఒంటరిగా నిలబడ్డ తీరు చూస్తే అతనికి ఏడుపొచ్చింది. ఎనిమిదీ నలభై ట్రామ్ మలుపు తిరుగుతుండగా మైకుని పిడికిట్లో మూసి, ఆమెకి పేపరు అందించాడు.

"డ్రైవరు కొలోన్‌వాడు. అతని పావు తొమ్మిది ఇంకా కాలేదు. ఇది వల, డాక్టరుగారూ. ఈ ట్రామ్ ఎక్కి ఇంటికెళ్ళిపోండి."

ఆమె అతని గొంతు గుర్తుపట్టింది. "ఆ కాగితం తెచ్చినవాడివి కదూ?"

"అవునండీ."

"ఇంటికెళితే మళ్ళీ అదే కాగితం వస్తుంది."

"వస్తుంది. తెచ్చేది మాత్రం నేను కాదు."

ఆమె ట్రామ్ ఎక్కింది. ఐదు నిమిషాలకి లారీ వచ్చింది. డ్రైవరు ఖాళీ స్టాపు చూసి, వాచీ చూసుకుని, ఆగకుండా వెళ్ళిపోయాడు.

రమోనా బడ్డీ దగ్గరికొచ్చింది. ఒక్క పేపరు అమ్మడానికి అన్ని మాటలా అని నవ్వి, రిపోర్టు రాయక తప్పదంది. ఆమెదీ ఉద్యోగమే కదా, అతనికి కోపం రాలేదు.

డాక్టరు గోడ అవతలి గాలి పీల్చనే లేదు. ఆపరేషన్ గదిలోంచి తీసేసి ఆస్పత్రి దుప్పట్లు ఉతికే పనిలో పెట్టారు. సంతకం మాత్రం పెట్టలేదామె.

విచారణలో ట్రెంక్నర్ ఆమెకి టైము చెప్పానన్నాడు, అంతే. కల్నల్ లోట్సె రెండు రోజులు నిబంధనల పుస్తకం తిరగేశాడు. పౌరులకి సరైన టైము చెప్పడం నేరమని ఎక్కడా లేదు. మూడోరోజు ఆ నిబంధన కొత్తగా రాసి, దానికింద అతనికి ఐదేళ్ళు వేశారు.