తుపాకి మడమలో బొట్టు

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు, చెరుకు బండ్ల పక్కనుంచి వెళ్తున్న కారు మీద తూటా పేలింది. డ్రైవర్ అక్కడికక్కడే పోయాడు. వెనక సీట్లో ఉన్న డబుల్ ఏజెంట్ రేణుక బతికింది. హంతకుడు రైఫిల్‌ని చెరుకు బండిలో పడేసి మాయమయ్యాడు.

పసుపు దలాల్ వేషంలో నిజామాబాద్‌లో ఉన్న ఏజెంట్ జయరాజ్‌కి చీఫ్ ఫోన్ చేశాడు.

"విదేశీ ముఠా. వాళ్ల దగ్గర రెండో రైఫిల్ ఉంది. రేణుక సాయంత్రం రైలెక్కాలి. ప్రాణాలతో."

"ఎస్ సర్."

దొరికిన రైఫిల్ మిలిటరీ అమ్మేసిన పాత సరుకు. ముద్రలన్నీ నున్నగా అరగదీసి, విదేశీ నంబర్ కొట్టారు. తుపాకి మడమకున్న ఇత్తడి బిళ్లని జయరాజ్ విప్పాడు. లోపల కర్ర మీద పసుపు, కుంకుమ బొట్టు!

దసరా పూజకి తుపాకి బొట్టు అందరూ పైనే పెడతారు. లోపల పెట్టేది ఒక్కడే, నర్సన్న ఉస్తాద్. జయరాజ్‌కీ, డిపార్ట్‌మెంట్లో సగం మందికీ తుపాకి పని నేర్పినవాడు. ముద్రలన్నీ చెరిపిన మహానుభావుడు పూజ మాత్రం మానలేకపోయాడు!

రైల్వే స్టేషన్ వెనక రేకుల షెడ్డులో నర్సన్న ఆకురాయితో ఇనుము అరగదీస్తున్నాడు.

"ఉస్తాద్, రెండో తుపాకి ఏడుంది?"

నర్సన్న ఆకురాయి కింద పెట్టాడు. "చెరుకుల అడివి పందులు వడ్తున్నయన్నరు బేటా. మిలిటరీ నంబరుంటే పోలీసోళ్లు గుంజుకుంటరన్నరు. నమ్మిన."

"మనిషిని సంపిండ్రు. ఏడుంది?"

"పొద్దున గూడ్స్ షెడ్డుకాడ నేనే ఇచ్చొచ్చిన."

జయరాజ్ పరుగెత్తాడు. రైలు కూసింది. గులాబీ చీర, నల్ల కళ్లద్దాలతో రేణుక పెట్టె మెట్టెక్కింది. పసుపు బస్తాల సందులోంచి తుపాకి గొట్టం లేచింది. జయరాజ్ పెన్ పిస్టల్ నొక్కాడు. హంతకుడు ఒరిగాడు. అతని తూటా రేకుల కప్పులోకి పోయింది.

"థాంక్యూ ఏజెంట్! ఎలా కనిపెట్టారు?" రేణుక నవ్వింది.

జయరాజ్ బస్తాల మధ్య పడ్డ రెండో రైఫిల్ తీసుకున్నాడు. రైలు వెళ్లిపోయింది.

చీఫ్ మళ్లీ ఫోన్ చేశాడు. "వెల్‌డన్. రైఫిళ్లు బాగుచేసినవాడికి ఉరే. ల్యాబ్ వ్యాన్ వస్తోంది. గుర్తులేమైనా ఉన్నాయా?"

"చూసి చెప్తాను సర్."

రెండో రైఫిల్ మడమలోనూ అదే బొట్టు. జయరాజ్ రుమాలు కిరసనాయిల్లో ముంచి, ఏడుస్తూ రుద్దాడు. ఎరుపు కర్రలోకి ఇంకిపోయి ఉంది. బయట వ్యాన్ హారన్ మోగింది.

"పైన వెడితే చెమటకు చెరుగుతది బేటా. లోపల వెడితే ఎన్నటికి చెరగది" అనేవాడు ఉస్తాద్.

ఆయన పనికి వంక పెట్టడానికి లేదు.